ఉయ్యాలబల్ల కోసం ఒక రంపం

అంజిబాబు గురించి నాలుగు పేజీలు రాద్దామని కూర్చున్నాను. మొదటి పేజీ పూర్తయ్యాక చదువుకుంటే అందులో అంజిబాబు ఎక్కడా లేడు, అంతా నేనే ఉన్నాను. చింపేసి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారీ అలాగే అయ్యేట్టుంది. ముప్ఫయ్యారేళ్లు శాఖా గ్రంథాలయంలో కూర్చుని ఇంకొకళ్లు రాసిన పుస్తకాలకి నంబర్లు వేసినవాడికి, డెబ్బై దాటాక కలం పట్టుకుంటే తన సంగతులే ముందు తోసుకొస్తాయి కాబోలు.

అంజిబాబు మా పక్కవీధిలో ఉంటాడు. వడ్రంగి. యాభై ఆరేళ్లుంటాయి. రాజోలు చుట్టుపక్కల తలుపు బిగుసుకున్నా, మంచం కోడు ఊగినా, దిండి రేవులో హౌస్‌బోటు కిటికీ వానకి ఉబ్బి మూసుకోకపోయినా ఫోను అతనికే వెళ్తుంది. "ఆయ్, వచ్చేస్తున్నానండి" అంటాడు. ఆ రోజు రాడు. మర్నాడు మనం ఇంకా పళ్లు తోముకుంటుండగానే సంచీ భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉంటాడు. పదిహేడేళ్లు షార్జాలో ఉండి వచ్చాడని అందరికీ తెలుసు. అక్కడ ఏం పని చేశాడని అడిగినవాళ్లు తక్కువ. నేనూ అడగలేదు. అక్కడి ఎండ గురించి అడిగాను. ఖర్జూరాల గురించి అడిగాను. ఎడారిలో నక్షత్రాలు బాగా దగ్గరగా కనిపిస్తాయట కదా అని కూడా ఒకసారి అడిగాను.

"లైట్లెక్కువండి మేష్టారూ, కనపడవు" అన్నాడు.

నేను ఏ బళ్లోనూ పాఠం చెప్పలేదు. కళ్లజోడూ చేతిలో పుస్తకమూ ఉన్న మగవాళ్లందరూ మావైపు మేష్టార్లే.

ఇక ఉయ్యాలబల్ల సంగతి. మా పెళ్లయిన కొత్తలో సావిట్లో ఇత్తడి గొలుసులతో ఒక ఉయ్యాలబల్ల ఉండేది. అమృతవల్లి, అంటే మా ఆవిడ, కాపరానికొచ్చిన కొత్తలో ఆ ఇంట్లో ఎవరితోనూ కలవలేక దానితో కలిసింది. వత్తులు చేసుకున్నా, కూర తరుక్కున్నా, ఏమీ చెయ్యకపోయినా దానిమీదే. తరువాత అన్నదమ్ములం పంచుకున్నప్పుడు బల్ల మా అన్నయ్య వాటాకి వెళ్లింది. నా వాటాకి పుస్తకాల బీరువా వచ్చింది. వచ్చిందేమిటి, నేనే అడిగి తీసుకున్నాను. బల్లని రిక్షా మీద అడ్డంగా కట్టి తీసుకెళ్తుంటే అమృతవల్లి గుమ్మంలో నిలబడి చూసింది. ఒక్కమాట అనలేదు. ఆ అనకపోవడం భరించలేక నేనే అన్నాను.

"మన పెరట్లో పనసచెట్టు లేదూ? దాని చెక్కతో ఇంతకన్నా పెద్దది చేయిస్తాను. ఇద్దరం కూర్చునేది."

ఆ మాటకి నలభై రెండేళ్లు. కాపు కాస్తున్న చెట్టుని ఎలా కొట్టిస్తామని ఏటా అనేవాణ్ణి. ఆ చెట్టు కూడా నన్ను కాపాడటానికే అన్నట్టు ఏటా ముప్ఫై నలభై కాయలు కాసేది. అమృతవల్లి తొనలు వలుస్తూ, చేతికి నూనె రాసుకుంటూ, "ఈ ఏడు కూడా బల్ల బాగానే కాసిందండీ" అనేది.

పోయిన కార్తీకమాసంలో గాలివానకి చెట్టు పడిపోయింది. పొద్దున్న వాన తెరిపిచ్చాక ఇద్దరం పెరట్లోకి వెళ్లి చూశాం. అమృతవల్లి చెట్టు వంక చూసింది. నా వంక చూసింది.

"ఇంకేం, అది ఒప్పేసుకుంది" అంది.

మోటారు రంపం ఉన్న కుర్రాళ్లు వచ్చి కొమ్మలు కొట్టేసి, మొదలు దగ్గర్నుంచి ఆరడుగుల మొద్దు మిగిల్చి వెళ్లారు. పడ్డప్పుడే నిలువునా రెండుగా చీలింది కాబట్టి ఒక్కొక్క సగం నలుగురు పట్టుకుంటే కదులుతుంది. రాజోలు దారిలో ఉన్న కోతమిల్లుకి వెళ్లాను. యజమాని కుర్చీ వేయించాడు. ఏ చెట్టు, ఎంత లావు అని వివరంగా అడిగాడు.

"పెరట్లో చెట్టాండీ?" అన్నాడు చివరికి.

"అవునండి. మా పెరట్లోదే."

"ఆయ్. పెరటి చెట్లు మేం కొయ్యమండి. ఏవనుకోకండి. టీ తాగుతారాండి?"

తాగనని లేచి వచ్చేశాను. ఎందుకు కొయ్యరు అని అడిగి ఉంటే ఈ కథ అక్కడే అయిపోయేది. నేను అడగలేదు. లారీల్లో వచ్చే దుంగలముందు మా ఒక్క మొద్దు ఆయనకి ఆనలేదనుకున్నాను. సందేహం వస్తే మనిషిని అడగడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటు లేదు. పుస్తకాన్ని అడుగుతాను. పుస్తకమైతే తిరిగి మనల్ని ఏమీ అడగదు.

ఇంటికి చేరేలోగా, ఆటోలో, నిర్ణయానికొచ్చేశాను. మన వరండాలోనే చిన్న వడ్రంగం షెడ్డు పెట్టుకుంటాను. బ్యాండ్ సా కొంటాను. బల్ల నేనే చేస్తాను. అప్పటికి నేను స్వహస్తాలతో చేసిన చెక్కపని ఏదైనా ఉందంటే గ్రంథాలయంలో ఊగే బల్ల కాలికింద పాత కేటలాగు కార్డులు మడిచి పెట్టడం ఒక్కటే.

బ్యాండ్ సా అంటే పెద్ద విడ్డూరమేమీ కాదు. పైనొక చక్రం, కిందొక చక్రం, రెండింటినీ చుట్టి పట్టీలా తిరిగే సన్నటి రంపపు బ్లేడు. కుట్టుమిషను సూది కిందికి బట్ట తోసినట్టు, ఆ బ్లేడు ముందుకి చెక్కని తోస్తే కోసుకుపోతుంది. ఇంతే. ఈ ఇంతేని నేను ఎనిమిది నెలలు చదివాను. రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్కు కొన్నాను. ఫోనులో దొరికిన కంపెనీ పుస్తకాలన్నీ అమలాపురంలో ప్రింటు తీయించి, కుట్టించి, అట్టలు వేయించాను. వాటికి వర్గీకరణ నంబర్లు కూడా వేశాను. అలవాటు.

మొదటి పదిహేను రోజులు పద్నాలుగు అంగుళాల మిషను అంటే పద్నాలుగు అంగుళాల చెక్కని కోసేదనుకున్నాను. ఆ పద్నాలుగు చక్రం కొలతట. కోసేది ఆరే. మధ్యలో ఒక దిమ్మ అదనంగా బిగిస్తే పన్నెండు. ఇది తెలిసిన రోజున నాకు జ్ఞానోదయమైనట్టనిపించి, అమృతవల్లిని పిలిచి అరగంట చెప్పాను. ఆమె పెరటి గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, నడుం నొప్పికి వెనక దిండు సర్దుకుంటూ విన్నది.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం అడిగేది.

"ఎంతవరకొచ్చిందండీ మీ రంపం?"

"మోటారు దాకా."

"నిన్నా మోటారే అన్నారు."

"నిన్న ఒక హార్స్‌పవరు. ఇవాళ రెండు."

"పోన్లెండి, గుర్రాలు పెరుగుతున్నాయి. బల్ల రాకపోయినా బండెక్కి ఊరేగుదాం."

ఒకసారి ధైర్యం చేసి పట్నంలో ఉన్న మిషన్ల దుకాణానికి ఫోను చేశాను. ఒక అమ్మాయి ఎత్తింది.

"మీ వర్క్‌షాప్ ఎంత ఉంటుంది సార్?"

"వరండా అమ్మా."

"ప్రొడక్షన్ ఎంత సార్?"

"ఒక బల్ల."

"రోజుకా సార్?"

"మొత్తం మీద."

ఆ అమ్మాయి, చాలా మర్యాదగా, రెడీమేడ్ ఉయ్యాలలు అమ్మేవాళ్ల నంబరు ఇచ్చింది.

ఆషాఢంలో వానలు మొదలై స్నానాలగది తలుపు ఉబ్బిపోయింది. అంజిబాబు వచ్చాడు. తలుపు ఊడదీసి అంచుకి చిత్రిక పడుతూ, బల్లమీద పరిచి ఉన్న నా పుస్తకాల వంక ఓరగా చూశాడు.

"ఏంటండి మేష్టారూ, ఈ బొమ్మలు?"

"బ్యాండ్ సా అంటారు అంజిబాబూ. నీకు తెలిసి ఉండదు. ఇలా కూర్చో, చెప్తాను."

కూర్చున్నాడు. చక్రాల దగ్గర మొదలుపెట్టి, బ్లేడు బిగువు, పళ్ల లెక్క, చెక్క మందాన్నిబట్టి వేగం, అన్నీ చెప్పాను. నోట్‌బుక్కులో ఎర్ర సిరాతో రాసుకున్న జాగ్రత్తలు చదివి వినిపించాను. అతను మధ్యమధ్యలో "ఆయ్" అంటున్నాడు. మంచి శ్రోత దొరికాడని నేను ఇంకో పావుగంట పొడిగించాను.

అంతా అయ్యాక, "బాగా చెప్పేరండి" అన్నాడు. "షార్జాలో నేను పదిహేడేళ్లూ దీని ముందరే నిలబడ్డానండి."

వంటింట్లో గరిటె కిందపడ్డ చప్పుడయింది. అమృతవల్లి నవ్వుతోంది.

"మరి చెప్పవేమయ్యా?"

"మీరు చెప్తున్నారు కదండీ, మజ్జెలో ఎందుకని."

రెండు చేతులూ చాచి నా ముందు పెట్టాడు.

"పదీ ఉన్నాయండి, చూసుకోండి. ఆ షెడ్డులో పదేళ్లు దాటి పన్జేసి, పదీ తిరిగి తెచ్చుకున్నోళ్లం ఇద్దరవేనండి. రెండో ఆయన ఆఫీసులో గుమస్తా."

"అంత పనొచ్చినవాడివి, ఇక్కడ మిషను పెట్టుకోలేదే?"

"దాని ముందు నిలబడితే మాట వినపడదండి. చెవులకి డిప్పలు పెట్టుకుని, పదిహేడేళ్లు పొద్దస్తమానం ఎవరితోనూ మాట్లాడకుండా పన్జేసేను. ఇంటికొచ్చేకా మా ఆవిడ వీరలక్ష్మి ఏదడిగినా చేత్తో సైగ చేసేవోణ్ణంట. ఇంక చాలనిపించిందండి. ఇప్పుడు చూడండి, తలుపుకి చిత్రిక పట్టుకుంటా మీతో మాట్లాడతన్నానా?"

నా గడిచిన ఎనిమిది నెలలు కళ్లముందు మెదిలాయి. అతను మా ఇంటికి నాలుగుసార్లు వచ్చి వెళ్లాడు ఆ ఎనిమిది నెలల్లోనూ. ఒకసారైతే ఆ మొద్దుమీదే కూర్చుని టీ తాగాడు.

నోట్‌బుక్కు అతని ముందుకి జరిపాను. అతను తెరవలేదు.

"ఒక్కటి చెప్పండి. బ్లేడు తెగితే ఎవరతుకుతారండి?"

పేజీలు తిప్పాను. మోటారుకి పదకొండు పేజీలున్నాయి. రంగుకి కూడా ఒక పేజీ ఉంది. దీనికి లేదు.

"అమలాపురంలో బ్లేడ్లు అతికే ఆయన ఒకాయన ఉన్నాడండి. ఆయన దగ్గర ఏ కొలత పట్టీ ఎప్పుడూ ఉంటుందో కనుక్కుని, ఆ కొలత తిరిగే మిషను కొనాలండి. మిషను చూసుకుని బ్లేడు కోసం తిరిగితే, తిరగడవే సరిపోద్దండి."

ఎనిమిది నెలల పని. అతను తలుపు బిగించేలోపల తేలిపోయింది.

మరుసటి వారం ఇద్దరం బస్సులో అమలాపురం వెళ్లాం. పెద్ద మిషను కొనుక్కున్న ఒక ఫర్నిచర్ షాపాయన తన పాత పద్నాలుగు అంగుళాలది, దిమ్మతో సహా అమ్ముతానన్నాడు. నేను ఇరవై రెండు ప్రశ్నలు రాసుకెళ్లాను. ఆయన ఇరవై రెండింటికీ "ఆయ్" అనే అన్నాడు. అంజిబాబు ఏమీ అడగలేదు. పైమూత తీసి చక్రాన్ని వేలి కణుపుతో కొట్టి, కుండ కొనేటప్పుడు చూసినట్టు చెవిపెట్టి విన్నాడు. చేత్తో తిప్పి వదిలి, అది ఆగేదాకా చూస్తూ నిలబడ్డాడు. తరువాత మిషను కింద పేరుకున్న పొట్టు పిడికెడు తీసి వాసన చూశాడు.

"అదెందుకు?" అన్నాను. మనిషిని అడగడం కొత్తగా నేర్చుకుంటున్నాను.

"మాడు వాసనొస్తే బ్లేడు మొద్దుబారినా నొక్కి కోయించేరని అర్థవండి. ఇది బానే చూసుకున్నారు."

ట్రక్కు ఆటోలో మిషను మా వరండాకి చేరింది. అమృతవల్లి బొట్టుపెట్టి హారతిచ్చింది. నేను నోట్‌బుక్కు పట్టుకుని పక్కన నిలబడ్డాను, పురోహితుడిలా. అంజిబాబు రెండు రోజులు బాడిసతో ఒక సగం మొద్దుని చెక్కి, ఇద్దరు ఎత్తగలిగేంత చేశాడు. లోపల చేవ పసుపుముద్దలా మెరిసింది.

అన్నీ సిద్ధమయ్యాక, స్విచ్చి మీద చెయ్యి పెట్టి, నా వైపు తిరిగాడు.

"మేష్టారూ, పెరటి చెట్టు కదండీ. దీనికి ఎవరైనా మేకులు గట్రా కొట్టేరాండి?"

"లేదయ్యా."

"బట్టలారేసుకునే తీగకోసవో, పశువుల కొట్టం కట్టుకోటానికో..."

"ఈ చెట్టు చరిత్ర అంతా నాకు తెలుసు" అన్నాను. అని, చరిత్ర చెప్పడం మొదలుపెట్టాను. మా పెరట్లో పనసపండు తిన్న ప్రతివాడికీ ఆ కథ నేను చెప్పే ఉంటాను. నాకు పదేళ్లప్పుడు ఆ చెట్టు ఏపుగా పెరిగి కూడా కాయ పట్టలేదు. మా బామ్మ బుల్లెమ్మగారు కొంగు బిగించి, గొడ్డలి భుజాన వేసుకుని చెట్టు ముందు నిలబడి, "కాస్తావా, నరికెయ్యమంటావా?" అని గద్దించింది. కాయని చెట్టుని అలా బెదిరించడం మావైపు ఆనవాయితీ. బెదిరించేవాళ్లు ఒకళ్లైతే బతిమాలేవాళ్లు ఇంకొకళ్లుండాలి. మా తాతగారు అడ్డం వచ్చి, "ఈ ఒక్క ఏడూ వదిలెయ్యి బుల్లీ, పై ఏడు కాస్తుంది, నాదీ పూచీ" అన్నారు. పై ఏడు కాసింది. ఈ కథలో నేను మా బామ్మ గొంతూ తాతగారి గొంతూ విడివిడిగా పెడతాను.

అంజిబాబు ఆఖరుదాకా విని, "అయితే మేకులేం లేవన్నమాటండి" అన్నాడు.

"లేవు. నాదీ పూచీ" అన్నాను.

మిషను తిరిగింది. చెక్క మొదటి జానెడు వెన్నలా తెగింది. పసుపు పొట్టు నా చెప్పుల మీద పడుతోంది. అమృతవల్లి గుమ్మంలోంచి చూస్తోంది. నేను అటు చివర మొద్దు పట్టుకుని, జీవితంలో మొదటిసారి ఒక పని చేస్తున్నవాడిలా మొహం పెట్టాను. మూడడుగులు దాటాక చప్పుడు మారింది. ఒక నిప్పురవ్వ. దీపావళి బాంబు లాంటి చప్పుడు. బ్లేడు తెగి, మూతలోపల పాములా చుట్టలు చుట్టుకుంటూ కొట్టుకుంది. ఒక ముక్క వరండా స్తంభానికి తగిలి పెచ్చు ఊడింది.

అంజిబాబు అప్పటికే స్విచ్చి ఆపి పక్కకి తప్పుకున్నాడు. నా వైపు చూడలేదు. రెండు చేతులూ మొహం ముందు పెట్టుకుని, పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటున్నాడు. ఒకటి నుంచి. నిదానంగా. నేను కూడా అతనితో పాటు లెక్కపెట్టాను.

"పది" అన్నాడు.

అప్పుడు నేను పట్టుకున్న మొద్దు చివర కిందకి దించాను. ఎర్ర సిరాతో రెండు పేజీల జాగ్రత్తలు రాసుకున్నవాణ్ణి. పదిహేడేళ్లు పరాయి దేశంలో కాపాడుకుని తెచ్చుకున్న వేళ్లని నేను మా వరండాలో, కథ చెప్పి, పోగొట్టబోయాను.

తెగినచోట పసుపు చెక్క మధ్యలో ఇనుము తళుక్కుమంటోంది. చుట్టూ చెక్క సిరా ఒలికినట్టు నల్లబడింది. దాన్ని చూస్తుంటే, ఆరు దశాబ్దాలుగా రానిది గుర్తుకొచ్చింది. గొడ్డలి కథ నిజమే. కానీ ఆ బెదిరింపుకి చెట్టు లొంగలేదు. ఆ పై ఏడు కూడా కాయలేదు. అప్పుడు మా బామ్మ నా చేతికి సుత్తీ మేకులూ ఇచ్చి, ఇనుము దిగితే కాస్తుందిరా, కొట్టు అంది. కొట్టాను. కొట్టినచోటల్లా తెల్లటి పాలు కారాయి. నేను ఏడ్చాను. ఏడుస్తూనే కొట్టాను. పెద్దయ్యాక ఆ కథ చెప్పేటప్పుడు ఏడ్చింది బాగుండదని తీసేశాను. దానితోపాటు సుత్తి పోయింది. తరువాత మేకులు పోయాయి. చెట్టులో మాత్రం ఉన్నాయి.

"నేనే కొట్టానయ్యా అంజిబాబూ" అన్నాను.

అతను నా మొహం చూసి, కోప్పడదామనుకున్నవాడే మానేసినట్టున్నాడు. నవ్వేశాడు.

"అందుకేనండి మిల్లోళ్లు పెరటి చెట్లు ముట్టుకోరు. కోనసీవలో కాయని చెట్టుకి మేకు దిగని పెరడుందాండి? వాళ్లదంత పెద్ద బ్లేడు తెగితే దగ్గరున్న మనిషి మిగుల్తాడాండి?"

"అవునా? మరి మిల్లాయన నాకు చెప్పలేదే?"

"మీరడిగేరాండి?"

అడగలేదు. టీ కూడా తాగలేదు.

"ఎన్ని కొట్టేరండి?"

"మూడు."

"ఎక్కడ?"

"పదకొండేళ్లప్పటి నా ఛాతీ ఎత్తులో. కానీ చెట్టు పెరిగింది కదా, మేకులు కూడా పైకి పోయి ఉంటాయి. మరి ఇక్కడెలా..."

అంజిబాబు అమృతవల్లి వంక చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెట్టు చివర్నే పెరుగుద్దండి మేష్టారూ. మేకు ఎక్కడ కొడితే అక్కడే ఉంటుంది. మీరే పెరిగేరు. ఓసారి పదకొండేళ్లోడిలా నిలబడండి, చూద్దాం."

డెబ్బై ఒకటో ఏట, మొద్దుని ఆనించి నిలబెట్టిన వరండా గోడ పక్కన, మోకాళ్లు వంచి, పదకొండేళ్ల పిల్లాడంత అయ్యాను. "ఇంకాస్త కిందకండీ, మీరు చిన్నప్పుడు పొట్టిట" అని అమృతవల్లి తన ఆడపడుచుల సాక్ష్యం చెప్పింది. అంజిబాబు సుద్దతో గీత గీశాడు.

"బ్లేడు అతికించుకొచ్చి మళ్లీ కోద్దామా?" అన్నాను లేవలేక లేస్తూ.

"మూడే అని గట్టిగా చెప్పగలరాండి?"

నా పూచీ అంటే ఏమిటో అతను చూశాడు.

"ఈ మొద్దు మిషనుకి వద్దండి. మేకు తగిలితే చేతిరంపం చెప్పుద్ది, మనం ఆపొచ్చు. మిషను చెప్పదు. మా నాన్నది ఇద్దరు లాగే రంపం అటకమీదుంది. మీరు అటు పట్టుకుంటారాండి?"

పట్టుకున్నాను. పొద్దున పూట రెండు గంటలు, సాయంత్రం ఎండ తగ్గాక రెండు గంటలు, పదకొండు రోజులు. మొదటి రోజు రంపం నా వైపు వంకరపోయి ఇరుక్కుంటూనే ఉంది.

"లాగండి. తొయ్యకండి మేష్టారూ. లాగి, వదిలెయ్యండి. నేను లాక్కుంటాను."

"సాయం చేద్దామని తోస్తున్నానయ్యా."

"ఆయ్, ఆ సాయవే వద్దంటన్నాను."

మూడో రోజుకి కాస్త కుదిరింది. రంపం చప్పుడు మెత్తగా ఉంటుంది, దానిమీదుగా మాట వినపడుతుంది. అంజిబాబు మాట్లాడుతూ కోశాడు. ఒక గదిలో ఎనిమిదిమంది పడుకునేవాళ్లట. ఎన్నో దేశాల చెక్క ఆ షెడ్డుకి వచ్చేది. చెవులు మూసుకుని ఉంటాం కాబట్టి ముక్కుతోనే అన్నీ గుర్తుపట్టేవాణ్ణి అన్నాడు.

"ఓసారి పనస చెక్కొచ్చిందండి, ఎక్కణ్ణించొచ్చిందో. బ్లేడు దిగగానే గుప్పున మా ఊరు వాసన. ఆ పూట అన్నం తినలేకపోయేనండి. మా మేస్త్రీకి ఒంట్లో బాలేదని చెప్పేను."

నేను షార్జా నక్షత్రాల గురించి అడిగిన మనిషిని. తల వంచుకుని లాగాను.

గీత పెట్టినచోట మూడు మేకులు దొరికాయి. రంపం గీరుకున్నప్పుడల్లా ఆపి, ఉలితో తవ్వి తీశాడు. బెత్తెడు పైన నాలుగోది కూడా దొరికింది. అది మిగతా వాటికన్నా పెద్దది. నేను కొట్టలేదని ప్రమాణం చేశాను. ఈ ఇంట్లో నా ప్రమాణాలు ప్రస్తుతం చెల్లడం లేదు. మా బామ్మే, నేను పడుకున్నాక వెళ్లి, నా మూడూ చాలవని ఒకటి కొట్టి ఉంటుందని నా ఊహ.

మేకులకి పైన చెక్క కొమ్మ దగ్గర మెలి తిరిగిపోయింది. కిందనున్న మూడడుగుల చిల్లరే నికరంగా వచ్చింది. రెండు పలకలు పక్కపక్కన అతికి, చిత్రికపట్టి, అంచులు గుండ్రం చేశాక కొలిచి చూశాం. వెడల్పు బ్రహ్మాండం. పొడుగు మాత్రం ఒక మనిషికే. అంచున ఒక మేకు తాలూకు నల్లమచ్చ, పైసా బిళ్లంత, మిగిలిపోయింది.

బల్ల సావిట్లో కట్టిన రోజు నేను ముందే చెప్పేశాను. "ఇద్దరం కూర్చునేది అన్నాను. ఇది ఒక్కరికే."

అమృతవల్లి చీర కుచ్చిళ్లు సర్దుకుని ఎక్కింది. గొలుసులు కిర్రుమన్నాయి. రెండు చేతులూ చెక్కమీద ఆనించి, నల్లమచ్చ దగ్గర బొటనవేలితో రాసి చూసింది. కళ్లు మూసుకుని కాసేపు అలాగే కూర్చుంది. నలభై రెండేళ్ల కిందట గుమ్మంలో నిలబడ్డప్పటి మౌనమేనేమో అనుకుని నేను గొలుసు కొక్కేలు చూస్తూ నిలబడ్డాను.

"మీరెప్పుడు ఉయ్యాల ఎక్కేరు కనక?" అంది కళ్లు తెరవకుండానే. "ఎక్కినా పుస్తకంలోకే చూస్తారు. నా ప్లాస్టిక్ కుర్చీ ఇటు లాక్కుని, చదువుకుంటూ కాలితో ఊపండి."

కుర్చీ లాక్కున్నాను. ఆమె దిండు ఇంకా అందులోనే ఉంది. ఎడమచేత్తో పుస్తకం తెరిచి, కుడికాలు బల్ల అంచుకి ఆనించి, నలభై రెండేళ్ల బాకీ అంతా ఒక్క తోపులో తీర్చేద్దామన్నట్టు తోశాను. బల్ల వంకరగా పోయి గోడని కొట్టుకుని, వస్తూ నా మోకాలికి తగిలింది.

"ఎందుకండి మేష్టారూ అంత బలం" అన్నాడు అంజిబాబు, నిచ్చెన మడుస్తూ. "ఒక్కసారి తోసి వదిలెయ్యండి. అదే వస్తుంది."

"ఆ పుస్తకం కూడా మూసెయ్యండి" అంది అమృతవల్లి.

మూసేశాను. పేజీ మధ్యలో వేలు మాత్రం ఉంచుకున్నాను.